బ్యాటరీ వాల్వు రేడియోకు ఇంట్లో తయారుచేసిన పవర్ సప్లై: సెట్టుకు కలిపే ముందు ఏ పరీక్షలు చేయాలి?

ప్రశ్న: సింగరాయకొండ పాత రేడియో

పెద్దలందరికీ నమస్కారం. మాది ప్రకాశం జిల్లా సింగరాయకొండ మండలంలో, సముద్రం వైపున ఉన్న పల్లె. మా తాతగారి వాల్వు రేడియో ముప్పై ఏళ్లుగా అటకమీద గోనెసంచిలో ఉండిపోయింది. ఊరికి కరెంటు రాకముందు కొన్నది కాబట్టి ఇది మెయిన్స్ మీద నడిచే సెట్టు కాదు. 90 వోల్టులూ 1.5 వోల్టులూ ఒకే అట్టపెట్టెలో ఇమిడి ఉండే బ్యాటరీని ఒంగోలు నుంచి బస్సుమీద తెప్పించుకునేవారని మా నాన్నగారు చెబుతారు. వెనుక అట్ట విప్పితే పోస్టాఫీసు ముద్రలున్న లైసెన్సు పుస్తకం, ఒక ఎండిపోయిన బల్లి, దుమ్ము పట్టిన నాలుగు వాల్వులు కనిపించాయి. వాల్వులు డీకే 96, డీఎఫ్ 96, డీఏఎఫ్ 96, డీఎల్ 96. డిజిటల్ మల్టీమీటరుతో చూస్తే నాలుగింటి ఫిలమెంట్లూ (లోపల వేడెక్కే సన్నని తీగలు) తెగకుండానే ఉన్నాయి.

ఆ బ్యాటరీ ఇప్పుడు ఎక్కడా దొరకదు కనుక నేనే ఒక పవర్ సప్లై తయారుచేశాను. మొదటిది 6-0-6 వోల్టుల 1 ఆంపియర్ ట్రాన్స్‌ఫార్మర్. దాని ఒక 6 వోల్టుల సగాన్ని, 12 వోల్టుల మరో ట్రాన్స్‌ఫార్మర్‌కు వెనుకవైపు నుంచి ఇచ్చాను. రెండో దాని 230 వైపున 98 వోల్టుల ఏసీ వస్తోంది. దానికి నాలుగు 1ఎన్ 4007 డయోడ్ల బ్రిడ్జి, 47 మైక్రోఫారడ్ల 200 వోల్టుల కెపాసిటర్, 1 కిలో ఓమ్ రెసిస్టర్, మళ్లీ అలాంటిదే ఇంకొక కెపాసిటర్ పెట్టాను. మొదటి ట్రాన్స్‌ఫార్మర్‌లోని రెండో సగం నుంచి, ఎల్ఎం 317 అనే వోల్టేజీని నిలబెట్టే చిప్పుతో, చిన్న ప్రీసెట్ (తిప్పి విలువ మార్చే రెసిస్టర్) తిప్పి 1.41 వోల్టులు తెచ్చాను. రెండు నెగటివులనూ ఒకే బిందువు దగ్గర కలిపేశాను. లోడు లేకుండా హెచ్‌టీ, అంటే ఎక్కువ వోల్టేజీ వైపు, 137 వోల్టులు చూపుతోంది.

మొన్న ఒక అపశ్రుతి జరిగింది. ప్లగ్గు పీకేసి, కాఫీ తాగి వచ్చి, హెచ్‌టీ తీగను సరిచేయబోతే మోచేతి దాకా ఝల్లుమని కొట్టింది. అప్పటినుంచి మా ఇంట్లో ఈ పెట్టె పేరెత్తితే చాలు, ముఖాలు మాడుస్తున్నారు. ఇప్పుడు నా సందేహాలు రెండు. నాకు ప్రమాదం లేకుండా ఈ సప్లైని ఎలా పరీక్షించాలి? దొరకని ఆ నాలుగు వాల్వులకు ప్రమాదం లేదని సెట్టును కలపకముందే ఎలా నిర్ధారించుకోవాలి?


జవాబు: ఒంగోలు వైరింగ్

ఇంత శ్రమ అవసరం లేదని నా అభిప్రాయం. సీలింగు ఫ్యాన్ కండెన్సర్ ఒకటి ఫేజులో సిరీసుగా పెట్టి, ఆపైన బ్రిడ్జి, జీనర్ (వోల్టేజీని ఒక హద్దు దగ్గర ఆపే డయోడ్) పెట్టుకుంటే ట్రాన్స్‌ఫార్మర్లు రెండూ దండగ. దోమల బ్యాట్లలోనూ, చౌక ఎల్ఈడీ బల్బుల్లోనూ ఉండేది ఇదే పద్ధతి. 50 రూపాయల్లో పని అయిపోతుంది. పరీక్షకు సిరీస్ బోర్డు (ఒక బల్బు గుండా కరెంటు ఇచ్చే బోర్డు) ఉంటే చాలు.


జవాబు: నెల్లూరు స్టోన్‌హౌస్‌పేట మెకానిక్

నలభై ఏళ్లు రేడియోలు, ఆ తర్వాత టీవీలు బాగుచేసి, ఇప్పుడు కళ్లు సహకరించక మానుకున్నవాణ్ణి. ముందుగా ఒంగోలు సోదరుడికి ఒక మనవి. ఎల్ఈడీ బల్బు లోపలి భాగాన్ని ఎవరూ ముట్టుకోరు, దానికి ఏరియల్ తీగ ఉండదు, ఎర్త్ తీగా ఉండదు. ఈ బ్యాటరీ సెట్టుకు వెనుక రెండు రంధ్రాలు ఉంటాయి, ఒకటి ఏరియల్‌కు, ఒకటి ఎర్త్‌కు. ఎర్త్ రంధ్రం నేరుగా చాసిస్‌కు, అంటే భాగాలన్నీ బిగించిన లోహపు చట్రానికి, కలిసి ఉంటుంది. ఆ చాసిస్‌కు ఫ్యాన్ కండెన్సర్ ద్వారా మెయిన్స్ తగిలిస్తే, ప్లగ్గు తిరగబడిన రోజున రేడియో మొత్తం ఫేజు అవుతుంది. 2.5 మైక్రోఫారడ్ల కండెన్సర్ 50 హెర్ట్జ్ దగ్గర సుమారు 1,270 ఓములతో సమానం. దాని గుండా 180 మిల్లీఆంపియర్లు పారగలవు. 30 మిల్లీఆంపియర్లే ప్రాణం తీయడానికి సరిపోతాయని అంటారు. కనుక రెండు ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టి మెయిన్స్ నుంచి విడదీసిన మీ పద్ధతే సరైనది, దాన్ని మాత్రం మార్చవద్దు.

ఇక మీ పెట్టె సంగతి. మీరు వర్ణించినదాన్నిబట్టి పరీక్షకు ముందే సరిదిద్దుకోవలసిన తప్పులు మూడు కనిపిస్తున్నాయి.

మొదటిది మిమ్మల్ని కొట్టినదే. కెపాసిటర్లలోని చార్జి ఖాళీ కావడానికి మీరు దారి పెట్టలేదు. హెచ్‌టీకి అడ్డంగా 100 కిలో ఓముల 1 వాట్ రెసిస్టర్ ఒకటి శాశ్వతంగా టంకం పెట్టండి. రెండు కెపాసిటర్లూ కలిపి 94 మైక్రోఫారడ్లు కాబట్టి, ప్లగ్గు తీసిన తర్వాత సుమారు 50 సెకన్లలో వోల్టేజీ 1 వోల్టుకు దిగుతుంది. అయినా ఆ రెసిస్టర్‌ను కూడా నమ్మకండి, అది ఊడిపోయి ఉండవచ్చు. ప్రతిసారీ మీటరు పెట్టి చూసిన తర్వాతే చేయి పెట్టాలి. స్క్రూడ్రైవర్‌తో షార్టు చేసి టప్పుమనిపించే అలవాటు మాలో చాలామందికి ఉండేది, అది మంచిది కాదు. 1 కిలో ఓమ్ 5 వాట్ల రెసిస్టర్‌కు రెండువైపులా స్లీవు ఉన్న క్లిప్పులు కట్టి పెట్టుకుంటే ఆ పని చప్పుడు లేకుండా జరుగుతుంది.

రెండవది, రెండు నెగటివులను కలపడం. ఇది చాలామంది చేసే పొరపాటు. డీఎల్ 96 గ్రిడ్డుకు (వాల్వులో కరెంటును అదుపు చేసే జాలికి) సుమారు 5 వోల్టుల నెగటివ్ బయాస్, అంటే కరెంటును హద్దులో ఉంచే వోల్టేజీ, కావాలి. బ్యాటరీ సెట్లలో ఆ బయాస్ కోసం హెచ్‌టీ నెగటివుకూ ఎల్‌టీ (ఫిలమెంట్లకు వెళ్లే 1.4 వోల్టుల వైపు) నెగటివుకూ మధ్య, చాసిస్ లోపల, కొన్ని వందల ఓముల రెసిస్టర్ ఉంటుంది. సెట్టు తీసుకునే కరెంటు అంతా దాని గుండా పారినప్పుడు ఏర్పడే వోల్టేజీయే బయాస్. మీరు బయటనే రెండింటినీ కలిపేస్తే ఆ రెసిస్టర్ షార్టు అయిపోతుంది, డీఎల్ 96కు బయాస్ పోతుంది, అది హద్దు మీరి కరెంటు లాగుతుంది. రేడియో పాడుతుంది కూడా, కొంచెం బొంగురుగా పాడుతుంది, అందువల్ల తప్పు తెలియదు, వాల్వు మాత్రం కొద్ది కాలంలోనే డస్సిపోతుంది. కాబట్టి సప్లై నుంచి నాలుగు తీగలు విడివిడిగా బయటికి రావాలి.

మూడవది 137 వోల్టులు. సెట్టు లోపలి పాత కెపాసిటర్లు 90 వోల్టుల బ్యాటరీని దృష్టిలో పెట్టుకుని వేసినవి. ఎల్‌టీ ఏ కారణం చేతనైనా పోతే వాల్వులు కరెంటు తీసుకోవు, హెచ్‌టీ మొత్తం వాటి నెత్తిన పడుతుంది. మీ 1 కిలో ఓమ్ బదులు 2.2 కిలో ఓముల 5 వాట్ల వైర్‌వూండ్ రెసిస్టర్ వేసి, రెండో కెపాసిటర్‌కు అడ్డంగా 30 వోల్టుల 1 వాట్ జీనర్లు మూడింటిని వరుసగా పెట్టండి. లోడు ఉన్నా లేకున్నా 90 దగ్గర నిలుస్తుంది. జీనర్లు ఉన్నాయి కదా అని 100 కిలో ఓములను తీసేయవద్దు. 90 కంటే కిందికి దిగిన తర్వాత జీనర్ ఏమీ పట్టించుకోదు.

పరీక్ష క్రమం ఇలా పెట్టుకోండి. ఒంగోలు సోదరుడు చెప్పిన సిరీస్ బోర్డు నిజంగా అవసరమే, అయితే అందులో ఏ బల్బు పెడుతున్నామనేది ముఖ్యం. 12 వోల్ట్ ఆంపియర్ల చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌కు 100 వాట్ల బల్బు కాపలా పెడితే, ట్రాన్స్‌ఫార్మర్ కాలి వాసన వస్తున్నా బల్బు గుడ్డిగానే వెలుగుతుంది. 25 వాట్ల ఫిలమెంటు బల్బు పెట్టండి. దొరకకపోతే పూజగదిలో వాడే పాత జీరో వాట్ బల్బు కూడా పనికివస్తుంది. పేరుకు జీరో అయినా అది పదిహేను వాట్ల దాకా లాగుతుంది. ఎల్ఈడీ బల్బు ఈ పనికి అక్కరకు రాదు. బల్బు మసకగా వెలిగితే ఫరవాలేదు, నిండుగా వెలిగితే వెంటనే తీసేయాలి. బల్బు ఉండగా తీసిన వోల్టేజీ కొలతలు తక్కువ చూపుతాయి కనుక వాటిని లెక్కలోకి తీసుకోకండి.

బల్బు పరీక్ష గడిచాక, బల్బు తీసేసి, ప్రైమరీలో (మెయిన్స్ వైపు) 100 మిల్లీఆంపియర్ల ఫ్యూజుతో, సెట్టుకు బదులు ఉత్త రెసిస్టర్లను లోడుగా పెట్టండి. హెచ్‌టీకి 8.2 కిలో ఓములు 5 వాట్లు పెడితే 11 మిల్లీఆంపియర్లు తీసుకుంటుంది. ఎల్‌టీకి 12 ఓములు 1 వాట్ పెడితే 117 మిల్లీఆంపియర్లు. మీ నాలుగు వాల్వుల ఫిలమెంట్లూ కలిపి తీసుకునేది 125. గంటసేపు నడవనివ్వండి. పది నిమిషాలకొకసారి వోల్టేజీలు కాగితం మీద రాసుకోండి. గంట తర్వాత ప్లగ్గు తీసి, చార్జి పోయిందని మీటరుతో చూసుకుని, అప్పుడు ట్రాన్స్‌ఫార్మర్లను చేత్తో తాకండి. చేయి ఆనించి ఉంచలేనంత వేడి ఉంటే ఎక్కడో తేడా ఉన్నట్లే.

ఆ తర్వాత చేసేది నా సొంత అనుభవం నేర్పిన పరీక్ష. నేను పని నేర్చుకుంటున్న రోజుల్లో, ఒక దుకాణంలో, బ్యాటరీ ప్లగ్గు తీగలు మార్చి కట్టాను. హెచ్‌టీ వెళ్లి ఫిలమెంట్ల మీద పడింది. నాలుగు వాల్వులూ ఒకేసారి ఫోటో తీసినట్టు తళుక్కుమని మెరిసి ఆరిపోయాయి. అది కన్ను మూసి తెరిచేలోగా జరిగింది, వాటి ఖరీదు మాత్రం ఆరు నెలల పాటు నా జీతంలోంచి పోయింది. అప్పటినుంచి, సెట్టు ప్లగ్గు దగ్గర ఎల్‌టీ పిన్నులకు ఒక చిన్న టార్చిలైటు బల్బు కట్టకుండా దేనినీ ఆన్ చేయలేదు. 2.2 వోల్టుల టార్చి బల్బు 1.4 వోల్టుల మీద నారింజ రంగులో మసకగా వెలుగుతుంది. తీగలు తారుమారైతే కాలిపోయేది ఆ బల్బే.


జవాబు: కావలి ఫిజిక్స్

మెకానిక్ గారు చెప్పినదంతా అక్షరాలా సరైనది. నేను కాలేజీలో ఫిజిక్సు చెబుతాను, వాల్వు సెట్ల పిచ్చి కూడా ఉంది. ఎల్‌టీ విషయంలో నాకు ఇంకా భయం తీరలేదు కనుక దానిగురించి రాస్తున్నాను.

ఎల్ఎం 317 తన అవుట్‌పుట్‌కూ అడ్జస్ట్ కాలుకూ మధ్య 1.25 వోల్టులు నిలబెడుతుంది. ఆ కాలు నుంచి నెగటివుకు వెళ్లే రెసిస్టరే మిగతా వోల్టేజీని నిర్ణయిస్తుంది. మీరు అక్కడ ప్రీసెట్ పెట్టారు. ప్రీసెట్ లోపల కార్బన్ పట్టీమీద ఒక చిన్న రేకు ఆని ఉంటుంది. మీరు ఉన్నది సముద్రపు గాలి తగిలే చోట. ఆ రేకు కింద చిలుము పట్టి ఒక్క క్షణం స్పర్శ పోయిందంటే, అడ్జస్ట్ కాలుకు నెగటివుతో సంబంధం తెగి, అవుట్‌పుట్ వెళ్లి ఇన్‌పుట్ పక్కన, అంటే ఆరేడు వోల్టుల దగ్గర కూర్చుంటుంది. 1.4 వోల్టుల ఫిలమెంటుకు అది ఉరితాడు. డీకే 96 ఫిలమెంటు కేవలం 25 మిల్లీఆంపియర్ల తీగ, వెంట్రుకలో ఎన్నో వంతో. ఏ ఫ్యూజూ దానికంటే ముందు కాలదు.

అందువల్ల ప్రీసెట్ తీసేయండి. అవుట్‌పుట్‌కూ అడ్జస్ట్‌కూ మధ్య 120 ఓములు, అడ్జస్ట్‌కూ నెగటివుకూ మధ్య రెండు 33 ఓముల రెసిస్టర్లు పక్కపక్కన పేరలల్‌గా పెట్టండి. రెండూ ఉన్నప్పుడు 16.5 ఓములు అవుతాయి, 1.42 వోల్టులు వస్తాయి. రెండింటిలో ఒకటి ఊడిపోయినా వోల్టేజీ 1.59కి మాత్రమే పెరుగుతుంది. కొత్త ఎండు సెల్లు ఇచ్చేదీ దాదాపు అంతే కనుక వాల్వులు తట్టుకుంటాయి. 120 ఓములది ఊడిపోతే వోల్టేజీ పడిపోతుంది, దానివల్ల నష్టం లేదు.

నిజానికి నా సలహా అడిగితే, ఎల్‌టీకి పవర్ సప్లైయే వద్దంటాను. పెద్ద సైజు ఆల్కలైన్ సెల్లు ఒక్కటి 125 మిల్లీఆంపియర్ల చొప్పున ఎనభై గంటలు సులభంగా నడుపుతుంది. దానికి హమ్ (మెయిన్స్ గుయ్‌మనే చప్పుడు) ఉండదు, ఎన్నడూ ఏడు వోల్టులు ఇవ్వదు. రోజుకొక గంట వినేవారికి రెండు నెలలకొక సెల్లు పెద్ద ఖర్చేమీ కాదు. కానీ ఇంత దూరం వచ్చినవారు అది ఒప్పుకోరని కూడా నాకు తెలుసు.

టార్చి బల్బు పెట్టినప్పుడు ఊరకే చూస్తూ కూర్చోకుండా, పెన్సిలు వెనుకవైపుతో బోర్డు మీద అంగుళం అంగుళం కొట్టి చూడండి. టంకం సరిగా అంటని చోటు అలాగే బయటపడుతుంది.

ఇంకొక సంగతి. మీ రెండో ట్రాన్స్‌ఫార్మర్ 12 వోల్టుల వైండింగుకు 6 వోల్టులే ఇస్తున్నారు కనుక 98 వస్తోంది. పొరపాటున 6-0-6లోని రెండు చివరలనూ కలిపితే అక్కడ 12 పడుతుంది, హెచ్‌టీ ఏసీ 200 దగ్గరికి పోతుంది, డీసీ 275 దాకా ఉంటుంది, మీ 200 వోల్టుల కెపాసిటర్లు పేలుతాయి. తీగలు ఎప్పుడు విప్పి బిగించినా, కెపాసిటర్లు కలపకముందు ఏసీ కొలిచి చూసుకోవాలి.

ఆర్‌సీసీబీ (షాక్ నుంచి కాపాడే స్విచ్చు) ఉంది కదా అనే ధైర్యం కూడా ఈ పనిలో కూడదు. అది ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి రాకుండా భూమిలోకి పోతేనే పడుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ అవతల హెచ్‌టీ పాజిటివును ఒక చేత్తో, నెగటివును ఇంకొక చేత్తో పట్టుకుంటే దాని దృష్టిలో మీరు మామూలు లోడు. అది పడదు. అందుకే కొలిచేటప్పుడు నెగటివుకు క్లిప్పు తగిలించి వదిలేసి, ఎడమ చేయి జేబులో పెట్టుకుని, కుడిచేత్తో ఒక్క ప్రోబే పట్టుకోవాలని పాతవారు చెప్పేవారు. నేను ల్యాబులో పిల్లల చేత అదే చేయిస్తాను. చూసేవారికి దర్జాగా నిలబడ్డట్టు ఉంటుందని వాళ్లు నవ్వుకుంటారు.


జవాబు: ఒంగోలు వైరింగ్

మెకానిక్ గారికీ మాస్టారికీ ధన్యవాదాలు. ఎర్త్ రంధ్రం చాసిస్‌కు కలిసి ఉంటుందన్న విషయం నేను ఆలోచించలేదు, నా ఫ్యాన్ కండెన్సర్ సలహాను ఎవరూ పాటించవద్దు. నాకు తెలిసిన పనిలో రెండు మాటలు చెబుతాను.

ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీకీ సెకండరీకీ మధ్య ఇన్సులేషన్ ఎలా ఉందో మల్టీమీటరు చెప్పలేదు, అది కొద్ది వోల్టులతోనే చూస్తుంది. మోటార్లు చూసే ఏ ఎలక్ట్రీషియన్ దగ్గరైనా 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) ఉంటుంది. బోర్డు నుంచి ట్రాన్స్‌ఫార్మర్‌ను పూర్తిగా విప్పి, ప్రైమరీ రెండు కాళ్లను ఒకటిగా, సెకండరీ కాళ్లన్నిటినీ ఒకటిగా కలిపి, ఈ రెండింటి మధ్య ఒకసారి, ప్రైమరీకీ ఇనుముకూ మధ్య ఒకసారి చూడాలి. బోర్డులో ఉండగా మెగ్గర్ వేస్తే 317 లాంటివి పోవచ్చు. కొత్త చిన్న ట్రాన్స్‌ఫార్మర్ వంద మెగోముల పైన చూపాలి. మీ వైపు తేమ ఎక్కువ కనుక పది, ఇరవై చూపితే కంగారుపడి పారేయకండి. అట్టపెట్టెలో పెట్టి, పక్కన 60 వాట్ల బల్బు వెలిగించి ఒక పూట ఆరబెట్టి మళ్లీ చూడండి. అప్పటికీ పెరగకపోతే మాత్రం వాడకూడదు.

రెండవది ఎర్తింగు. పెట్టె ఇనుపదైతే మూడు పిన్నుల ప్లగ్గులోని పెద్ద పిన్ను తీగను పెట్టెకు బోల్టుతో బిగించండి. ప్లగ్గుకు మూడు పిన్నులు ఉన్నంత మాత్రాన గోడలో ఎర్త్ ఉన్నట్టు కాదు. పాత ఇళ్లలో సాకెట్టు మూడో రంధ్రం వెనుక తీగే ఉండదు. ఉన్నా, మే నెలలో ఎర్త్ గుంత ఎండిపోయి పేరుకే ఉంటుంది. ఉప్పు, బొగ్గు వేసి నీళ్లు పోయడం ఎవరికీ గుర్తుండదు. ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య 60 వాట్ల బల్బు పెట్టి చూస్తే, ఎర్త్ బాగుంటే నిండుగా వెలగాలి. ఆర్‌సీసీబీ ఉన్న ఇంట్లో అది టప్పున పడిపోతుంది, అదీ మంచి సూచనే. ఈ పని మాత్రం మీరు చేయకుండా మీ ఊరి ఎలక్ట్రీషియన్ చేత చేయించండి. ఫ్యూజూ స్విచ్చూ ఫేజు తీగలోనే ఉన్నాయో లేదో కూడా అతని చేత చూపించండి.


ప్రశ్న అడిగినవారి నుంచి: సింగరాయకొండ పాత రేడియో

జవాబులిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. రెండు వారాలు పట్టింది, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మెగ్గర్ పరీక్షలో మొదటి ట్రాన్స్‌ఫార్మర్ 200 దాటింది. రెండోది 18 మెగోములే చూపింది. బల్బుతో ఒక పూట ఆరబెట్టాక కూడా 25 దగ్గరే ఆగిపోయింది. అది నేను పాత ఎలిమినేటర్ (బ్యాటరీకి బదులు వాడే పెట్టె) లోంచి ఊడదీసినది. దాన్ని పక్కన పెట్టి కొత్తది తెచ్చాను. మా ఇంటి సాకెట్టులో ఎర్త్ తీగ నిజంగానే లేదు. ఎలక్ట్రీషియన్ చేత కొత్తగా లాగించాను. ఈ ఒక్క పని వల్ల ఇంట్లోవారికి ఈ పెట్టె మీద కొంత గౌరవం కలిగింది. ఇన్నాళ్లూ ఫ్రిజ్ తలుపు ముట్టుకుంటే చిమచిమలాడేదట, అది ఆగిపోయింది.

నెగటివులు విడదీశాను, జీనర్లు, 100 కిలో ఓములు పెట్టాను. మాస్టారు చెప్పిన ప్రీసెట్ విషయంలో మాత్రం బద్ధకించాను, ముందు పరీక్షిద్దాంలే, తర్వాత మారుద్దాంలే అనుకున్నాను. లోడు మీద గంటసేపు 1.41 వోల్టులు కొంచెం కూడా కదలలేదు. ఇక మార్చనక్కరలేదేమో అనిపించింది. ఆ తర్వాత 12 ఓములు తీసి, టార్చి బల్బు కట్టి, పెన్సిలుతో కొట్టడం మొదలుపెట్టాను. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఏమీ లేదు, డయోడ్ల దగ్గర ఏమీ లేదు. ప్రీసెట్ పక్కన రెండోసారి తగిలించగానే, అప్పటిదాకా నారింజ రంగులో కునుకుతున్న బల్బు తెల్లగా వెలిగి, గాజు లోపల చిన్న పొగమరక వదిలి ఆరిపోయింది. మీటరు 6.3 చూపింది. పది రూపాయల బల్బు. నేను కుర్చీలో కూర్చుండిపోయాను. అదే రాత్రి ప్రీసెట్ పీకేసి, 120, రెండు 33లు వేశాను. ఇప్పుడు 1.42 వస్తోంది. ఒక 33ను కావాలనే విప్పి చూస్తే 1.59 వచ్చింది, మాస్టారి లెక్క తప్పలేదు.

నిన్న రాత్రి సెట్టు కలిపాను. హెచ్‌టీ పాజిటివులో 100 ఓములు పెట్టి, దానిమీద వోల్టేజీ చూస్తే 1.02 వోల్టులు, అంటే 10.2 మిల్లీఆంపియర్లు. రెండు నెగటివుల మధ్య 4.8 వోల్టులు కనిపించాయి. లోపల వెతికితే అక్కడ 470 ఓముల రెసిస్టర్ ఉంది. మేడమీద ఇరవై అడుగుల రాగి తీగ కట్టి ముల్లు తిప్పితే మీడియం వేవ్ మీద రెండు చోట్ల తమిళం, ఒక చోట ఏదో పాట, మిగతా అంతా గరగర. మా నాన్నగారు ముల్లును 837 దగ్గరికి తిప్పి, విజయవాడ ఇక్కడ వచ్చేదని చూపించి, చాలాసేపు అక్కడే ఉంచారు. పెట్టె గంటన్నర నడిచింది. అయితే అరగంట గడిచిన తర్వాత గొంతు కొంచెం చీలినట్టు మారింది, హెచ్‌టీ కరెంటు 11.6 మిల్లీఆంపియర్లకు పెరిగింది. సప్లై వోల్టేజీలు మాత్రం మారలేదు. దీనికి కారణం ఏమై ఉంటుంది?


జవాబు: నెల్లూరు స్టోన్‌హౌస్‌పేట మెకానిక్

సప్లైలో తప్పు లేదు. డీఏఎఫ్ 96 ప్లేటు నుంచి డీఎల్ 96 గ్రిడ్డుకు వెళ్లే చిన్న కాగితపు కెపాసిటర్ లీకవుతోంది. వేడెక్కిన కొద్దీ లీకు పెరుగుతుంది, గ్రిడ్డుకు పాజిటివ్ వోల్టేజీ చేరుతుంది, కరెంటు పెరుగుతుంది. సెట్టు ఆపి, చార్జి పోయిందని చూసుకుని, డీఎల్ 96ను సాకెట్టులోంచి తీయండి. మళ్లీ ఆన్ చేసి, ఆ సాకెట్టులో గ్రిడ్డు పిన్నుకూ ఎల్‌టీ నెగటివుకూ మధ్య డిజిటల్ మీటరు పెట్టండి. కొద్దిగా నెగటివ్ చూపితే కెపాసిటర్ బాగున్నట్టు. పాజిటివ్ వైపు ఏమాత్రం జరిగినా దాన్ని మార్చాలి. విలువ దానిమీద చదవగలిగితే అదే విలువలో, 400 వోల్టుల పాలిస్టర్ కెపాసిటర్ వేయండి. అది మార్చేదాకా రేడియోను నడపవద్దు, నాన్నగారు అడిగినా సరే.

ఫిలమెంట్లు మళ్లీ చూసుకోవలసి వస్తే డిజిటల్ మీటరే వాడండి. ముల్లు మీటర్ల కింది ఓముల రేంజిలో కొన్నింటికి వంద మిల్లీఆంపియర్ల పైనే కరెంటు వస్తుంది. 25 మిల్లీఆంపియర్ల ఫిలమెంటును ఆ మీటరే తెంపేస్తుంది.